డై గారూ, ఆయనకి చెప్పండి

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. బొటనవేలికన్నా కాస్త లావు, అరచేతిలో ఇమిడేంత పొడుగు. ఒంటినిండా మరలు, నడుముకి ఒక బిగింపు నట్టు, కడుపులో నిలువునా ఒక సన్నటి కడ్డీ. నన్ను సైజింగ్ డై అంటారు. రైఫిల్లో పేలిన తూటా తాలూకు ఇత్తడి ఖాళీని పారెయ్యకుండా మళ్ళీ వాడుకోవాలంటే ముందు నా దగ్గరికి తేవాలి. పేలుడు వేడికి అది ఉబ్బిపోయి ఉంటుంది. నేను దాన్ని నాలోకి తీసుకుని, చుట్టూ అదిమి, పాత ఒళ్ళు తెప్పించి పంపిస్తాను. నా కడ్డీ చివరున్న సూది, అడుగున మందుకి నిప్పంటించి కాలిపోయిన చిన్న టోపీని పొడిచి బయటికి తోస్తుంది. అంతే నా ఉద్యోగం. మందు కూరడం, గుండు బిగించడం, పేల్చడం, తర్వాత గొప్పలు చెప్పుకోవడం, అవన్నీ వేరేవాళ్ళ పనులు.

ఉబ్బినవాళ్ళని తగ్గించే ఇలాంటి పరికరం మనుషులకి ఇంకా రాలేదని విన్నాను. వచ్చినా అందులో ఎవరూ తమంతట తాము దూరరు. పక్కవాణ్ణి దూర్చడానికి మాత్రం పొద్దున్నే వరసలో నిలబడతారు.

ఇంత తెలివి ఎక్కణ్ణించి వచ్చిందని అడుగుతారేమో. నన్ను తుప్పు పట్టకుండా ఎప్పుడూ పాత పేపర్లలో చుట్టి పెట్టేవారు. చీకట్లో పనేముంటుంది? ఒంటికి అంటుకున్న కాగితాలు చదువుకుంటూ కూర్చునేదాన్ని. వార్త మొదలు ఒక కాగితం మీద ఉండేది, మిగతాది ఇంకెవరి పకోడీలకో పోయేది. అందుకే నాకు చాలా సంగతుల మొదళ్ళు తెలుసు గానీ చివరలు తెలియవు. అసలే నాకు భయం ఎక్కువ. దానికి తోడు ఈ చదువు.

నా భయమంతా ఒకటే, విడిపోవడం. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎవరూ ఉండిపోవడానికి రారు. ఒక్క క్షణం గట్టిగా కావిలించుకుని వదిలెయ్యాలి. తిరిగొచ్చేవి కొన్ని, గడ్డిలో పడి దొరకనివి కొన్ని. ఖాళీల సంగతైతే అలవాటైపోయింది. నన్ను కుదురుగా నిద్రపోనివ్వనిది మాత్రం ఇద్దరు మనుషుల సంగతి. సాగి జోగిరాజు, సాగి వరహాలరాజు అని అన్నదమ్ములు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న చివరి దారం నేనే అని తెలిసినప్పటినుంచీ, ఆ దారం ఎప్పుడు తెగుతుందోనని నా మరలన్నీ సలుపుతూనే ఉన్నాయి.

మొదట్నుంచీ చెబుతాను. నేను పుట్టింది ఇంగ్లండులో. నన్ను తొలిచారు, గీకారు, ఎర్రగా కాల్చి నూనెలో ముంచారు, చివర నునుపు చేశారు. ఇంత హింస పెట్టి, చిన్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి పడుకోబెట్టారు. హింస పెట్టేటప్పుడు ఆ మెత్తటి గుడ్డ ఎక్కడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఓడెక్కి విశాఖపట్నంలో దిగి, అక్కణ్ణించి చీపురుపల్లి దగ్గరున్న ఒక మాంగనీసు గనికి వచ్చాను. గని మేనేజరు పెన్‌రోజ్ దొర తన వేటరైఫిల్ కోసం నన్ను తెప్పించుకున్నాడు.

దొరకి పులులంటే చాలా ఇష్టం. పులులకి దొరంటే ఇంకా ఇష్టం, ఎందుకంటే ఆయన గురి ఎప్పుడూ వాటికి తగిలేది కాదు. నన్ను బిగించడం కూడా ఆయన అదే పద్ధతిలో చేశాడు. పనిలో నేను ప్రెస్సు అనే మిషను నెత్తిన ఉంటాను. కిందనుంచి ఖాళీని పట్టుకున్న పట్టీ పైకి వస్తుంది, హ్యాండిలు దింపితే ఖాళీ నాలోకి దూరుతుంది. నన్ను ఎంత కిందికి దింపి బిగించాలన్నదే అసలు కిటుకు. పెట్టెలో వచ్చిన కాగితం, పట్టీకి తగిలేదాకా దింపమని చెప్పింది. దొర కాగితాన్ని దైవంగా నమ్మాడు. పట్టీకి తగిలాక, ఎందుకైనా మంచిదని ఇంకో చుట్టు కూడా తిప్పాడు.

ఏమైంది? ఆయన రైఫిల్లో తూటా కూర్చునే గది కాస్త పొడుగు. నేను ఖాళీని మరీ పొట్టిగా అదిమి పంపేదాన్ని. పేలినప్పుడల్లా అది గది నిండా సాగేది. మళ్ళీ నా దగ్గరికి వస్తే మళ్ళీ పొట్టి. అలా సాగీ నలిగీ, ఒకరోజు ఖాళీ మొదలంటా తెగి, వెనక ముక్క బయటికి వచ్చింది, ముందు ముక్క రైఫిల్లోనే ఉండిపోయింది. ఎదురుగా పులి ఉండిపోయింది. దొర చెట్టుమీద ఉండిపోయాడు.

ఆ ముక్కని తీసింది గని స్టోర్సు చూసుకునే రాజుగారు, ఈ అన్నదమ్ముల తండ్రి. ఆయన నన్ను ప్రెస్సులోంచి విప్పి మొదట్నుంచీ బిగించాడు. కాగితం పక్కన పెట్టి రైఫిల్ని దగ్గర పెట్టుకున్నాడు. నన్ను ఎత్తుగా పెట్టి ఒక ఖాళీని అదిమి, దాన్ని రైఫిల్లో పెట్టి బోల్టు, అంటే రైఫిల్ వెనక గడియ, మూసి చూసేవాడు. మూయకపోతే నన్ను ఒక వెంట్రుకవాసి దింపి మళ్ళీ అదిమేవాడు. బోల్టు కొంచెం పట్టుకున్నట్టు పట్టుకుని పడిన చోట నా నట్టు బిగించేశాడు. "కొత్తకోడలు తలుపేసినట్టు పడాలి బోల్టు. చప్పుడు కాకూడదు, తలుపు పడాలి" అనేవాడు. ఆ రోజునుంచి నేను ఆ ఒక్క రైఫిల్‌కే సరిపోయేలా తయారయ్యాను. ఇంకో రైఫిల్ ఖాళీ వస్తే అదుముతాను, కాదనను. కానీ కొలత దీనిదే.

దేశానికి స్వతంత్రం వచ్చింది. దొర సామాను సర్దుకున్నాడు. నన్నూ రైఫిల్‌నీ రాజుగారికి ఇచ్చేశాడు. వెళ్ళేముందు నన్ను చేతిలోకి తీసుకుని ఏదో అనబోయి పైపు వెలిగించుకున్నాడు. పులి కూడా ఆయన్ని పంపించడానికి స్టేషనుకి రాలేదు.

రాజుగారు లైసెన్సు తన పేర మార్పించుకుని విజయనగరంలో ఇల్లు కట్టుకున్నాడు. వేట మానేసి, రైఫిల్ క్లబ్బులో గురి పందేలు మాత్రం ఆడేవాడు. కొడుకులిద్దరికీ విద్య నేర్పాడు. పెద్దవాడు జోగిరాజు రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరు. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. రైఫిల్ ఆయన భుజానికి అతికినట్టు కూర్చునేది. రెండోవాడు వరహాలరాజు మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. సన్నటి వేళ్ళు, తక్కువ మాటలు. నా హ్యాండిలు ఆయనది. తమ్ముడు తూటా చేస్తాడు, అన్న పేలుస్తాడు. కప్పులు వచ్చేవి. కప్పుల మీద అన్నగారి పేరు చెక్కేవారు. ఖాళీల మీద ఎవరి పేరూ చెక్కరు గదా.

రాజుగారు పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. దెబ్బలాట ఏమీ లేదు, ఊళ్ళో అందరూ పడుతున్నారు గనక వీళ్ళూ పడ్డారు. పెద్దమనుషులు వచ్చి సావిట్లో కూర్చున్నారు. ఇంటికి నడిమిన గోడ, గదులకి వాటాలు, గిన్నెలకి వాటాలు. రాజులు గనక అంతా గారూ గారూ అనుకుంటూనే పంచుకున్నారు. ఆఖరికి రైఫిల్ దగ్గరికొచ్చారు.

"రైఫిల్ పెద్దవారిది. లైసెన్సు ఇప్పుడు వారి పేరుకే మారింది గదండి. మరి ఆ మిషను, ఆ డబ్బాలో సామాను ఎవరికండి?" అన్నాడు ఒక పెద్దమనిషి, నావైపు అనుమానంగా చూస్తూ.

జోగిరాజు రైఫిల్ తుడుచుకుంటూ తలెత్తకుండానే అన్నాడు. "ఆ ఇనప్ముక్కలా? అవి వాడికే ఇచ్చెయ్యండి. నాకేటి పని వాటితో?"

వరహాలరాజు అప్పుడే నా ఒళ్ళు తుడిచి ఆముదం రాస్తున్నాడు. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇనప్ముక్కలేనండి. వాటిని చేసిన చెయ్యి కూడా ఇనప్ముక్కే అని రాసుకోండి" అన్నాడు.

అంతే. ఆ రోజునుంచి వాళ్ళకి మాటల్లేవు. ఇంత తెలివైన పెద్దమనుషుల్లో ఒక్కడికీ, రైఫిల్ లేని డైకి పని లేదనీ డై లేని రైఫిల్‌కి తిండి లేదనీ తోచలేదు. ఒక ఎడ్లబండిని ఒకరికి చక్రాలు, ఒకరికి ఇరుసు అని పంచి, న్యాయం చేశామని కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ కాఫీలో కూడా సగం గ్లాసులు ఆ వాటావి, సగం ఈ వాటావి.

జోగిరాజు దగ్గర తయారైన తూటాలు కొన్ని ఉన్నాయి. అవి ఉన్నన్నాళ్ళూ ఆయనకి నా అవసరం పడలేదు. నేను పేపర్లో చుట్టుకుని, ఏదో ఊళ్ళో వరద మొదలైందన్న వార్త చదువుకుంటూ, ఆ ఊరు మునిగిందో లేదో తెలియక కొట్టుకుపోయాను.

ఆ ఏడు దసరా వచ్చింది. వరహాలరాజు భార్య సుభద్రయ్యమ్మ మంచి మనిషి. ఆయుధపూజ రోజున ఇంట్లో పనిముట్లన్నీ కడిగి వరసగా పెట్టింది. కత్తిపీట, గునపం, కుట్టుమిషను, సైకిలు, మాస్టారి డ్రాయింగు పెట్టె, వీటన్నిటి మధ్యా నేను. అన్నిటికీ బొట్టు పెట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముఖం ఏదో, వీపు ఏదో పోల్చుకోలేకపోయింది. చివరికి నోరు ఇదే అయ్యుంటుందని వేలు లోపలికి పెట్టి చుట్టూ గంధం పూసింది. దాని మీద పసుపు, దాని మీద కుంకుమ, ఆపైన ఒక బంతిపువ్వుని కాడతో సహా గుచ్చింది. కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టుకుంది. ఉక్కుగా పుట్టి ఇంత గౌరవం ఎరగను. ఊపిరాడటం లేదని మాత్రం ఎవరికి చెప్పను?

దసరా వెళ్ళింది. పువ్వు తీసేశారు. గంధం లోపలే ఎండి, గచ్చు వేసినట్టు గట్టిపడింది.

ఆ తర్వాత క్లబ్బు పందెం వచ్చింది. జోగిరాజు తూటాలు అయిపోయాయి. సీమ తూటాల దిగుమతి ఎప్పుడో ఆగిపోయింది. పందెం మానుకోవాలి, లేదా ఖాళీలు గోడ దాటాలి. ఆయన రెండు రాత్రులు నిద్రపోకుండా ఆలోచించి, ఒక పొద్దున్న గోడమీంచి సంచీ చాపాడు.

"అమ్మా సుభద్రా! ఇవి ఖాళీలు. అక్కడ డై గారు అని ఒకరున్నారు. వీటిని అదిమి పెడతారేమో కనుక్కో."

డై గారట! ఇనప్ముక్కనుంచి గారు దాకా వచ్చాను. సుభద్రయ్యమ్మ సంచీ తెచ్చి భర్త ముందు పెట్టింది. ఆయన చాలాసేపు దాన్ని చూసి, లేచి ప్రెస్సు మీద గుడ్డ తీశాడు. నన్ను పైపైన తుడిచి బిగించాడు. లోపల చూడలేదు. దేవుడికిచ్చిన వస్తువులో మురికి ఉంటుందని ఎవరనుకుంటారు? మొదటి ఖాళీకి ఆముదం రాసి హ్యాండిలు దింపాడు. అది సగం దాకా వచ్చి, గంధంలో కూరుకుని, నా గొంతులో ఇరుక్కుపోయింది. వెనక్కి లాగితే పట్టీ దాని అంచుని ఊడబెరుక్కుని కిందికి పోయింది. ఖాళీ నాలోనే ఉంది. రాదు, పోదు. నేను జీవితంలో మొదటిసారి ఒకర్ని వదలకుండా పట్టుకున్నాను. పట్టుకోవడం ఇంత బాధగా ఉంటుందని అప్పుడు తెలిసింది.

"బావగారూ! మీ ఖాళీ ఒకటి డైలో ఇరుక్కుపోయిందటండీ!" అని సుభద్రయ్యమ్మ గోడమీంచి కేక వేసింది.

అవతల కుర్చీ పడిన చప్పుడైంది. కాసేపటికి జోగిరాజు డ్రిల్లు, పట్టకారు, బోల్టుల డబ్బా పట్టుకుని వీధి చుట్టూ తిరిగి వచ్చి, తను పుట్టిన ఇంట్లోకి అతిథిలా చెప్పులు విడిచి అడుగుపెట్టాడు. తమ్ముడివైపు చూడలేదు. నా ముందు కూర్చుని నాతో మాట్లాడాడు.

"డై గారూ, నమస్కారమండి. తమరి నోట్లో గంధం పూసిన మహానుభావులెవరో కనుక్కోవచ్చా?"

వరహాలరాజు కూడా నన్నే చూస్తూ అన్నాడు. "డై గారూ, పూజ చేసుకునే ఇల్లు ఇది అని ఆయనకి చెప్పండి. పూజల్లేని ఇళ్ళల్లోనూ ఉంటారు కొందరు."

"గంధం తియ్యకుండా హ్యాండిలు దింపే మాస్టర్లుంటారని నాకు తెలీదని చెప్పండి డై గారూ."

"ఎండలో నిలబడి పేల్చడం తప్ప ఏదీ తెలియనివాళ్ళు ఊళ్ళో ఉన్నారని నాకు తెలుసునని చెప్పండి."

సుభద్రయ్యమ్మ గుమ్మంలో నిలబడి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఆ ఇనుముకి నోరుంటే మిమ్మల్నిద్దర్నీ బయటికి గెంటును. గంధం పూసింది నేను. తిడితే నన్ను తిట్టండి, దాన్నెందుకు మధ్యలో?"

"నిన్నెందుకు తిడతానమ్మా" అన్నాడు జోగిరాజు. "నువ్వు బొట్టు పెట్టి గౌరవించావు. నేను ఇనప్ముక్క అన్నాను. డై గారూ, అప్పుడు నోరు జారింది. ఏమీ అనుకోవద్దు."

ప్రెస్సు కింద ఆముదం చుక్క ఒకటి బల్లమీద పడింది.

"డై గారూ, తమరేమీ అనుకోలేదని ఆయనకి చెప్పండి" అన్నాడు వరహాలరాజు నెమ్మదిగా. "ఇనుముకి అభిమానం ఉండదు. చేసినవాడికి ఉంటుంది."

జోగిరాజు నన్ను విప్పి, లోపలి కడ్డీ తీసి, గంటు పడకుండా గుడ్డ చుట్టి పట్టకారులో పెట్టాడు. తమ్ముడు ఒక మాటైనా అడగకుండా పట్టకారు పట్టుకున్నాడు. అన్న ఆ ఖాళీ అడుగున డ్రిల్లుతో బెజ్జం వేసి, బెజ్జానికి మర కోసి, అందులో ఒక బోల్టు దించి, నా అంచుమీద ఆన్చిన చిన్న గిన్నె సాయంతో బిగించుకుంటూ పోయాడు. తమ్ముడు బలమంతా పెట్టి నన్ను కదలకుండా పట్టాడు. ఇద్దరి మొహాలూ నాకు జానెడు దూరంలో ఉన్నాయి. ఇద్దరికీ చెమటలు. కీచుమని ఒక చప్పుడు, ఖాళీ ఊడి వచ్చింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ గాలిలో ఒకే ఉల్లిపాయ పులుసు వాసన వచ్చింది. గోడ కట్టినా సుభద్రయ్యమ్మ బావగారికి రోజూ కూర పంపిస్తోందని నాకు అప్పుడు తెలిసింది.

ఇంకో చిక్కు వచ్చిపడింది. ఈ గొడవలో నా బిగింపు నట్టు వదులైపోయింది. తండ్రి పెట్టిన కొలత పోయింది. నన్ను మళ్ళీ మొదట్నుంచీ బిగించాలి. దానికి రైఫిల్ ఈ వాటాలోకి రావాలి.

"డై గారూ, రైఫిల్ లేకుండా కొలత కుదరదని ఆయనకి చెప్పండి."

"తెస్తున్నానని చెప్పండి" అంటూనే ఆయన లేచాడు.

నా లోపల కిరసనాయిలు గుడ్డతో కడిగారు. వరహాలరాజు నన్ను ప్రెస్సులో చేత్తో తిప్పుతూ దింపి, పట్టీకి తగలకముందే ఆపాడు. ఒక ఖాళీని అదిమి, తుడిచి, అన్న ముందు బల్లమీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు. జోగిరాజు దాన్ని రైఫిల్లో పెట్టి బోల్టు నెట్టాడు.

"మూయట్లేదని చెప్పండి."

నన్ను కొంచెం దింపాడు. మళ్ళీ అదిమాడు. ఖాళీ బల్లమీదికి.

"సగం మూసిందని చెప్పండి. ఇంకో రవ్వ దిగమనండి. రవ్వ అంటే రవ్వే, గుప్పెడు కాదు."

"రవ్వ ఎంతో నాన్నగారు నాకే ముందు చెప్పారని చెప్పండి."

"మరి నాకు బోల్టు ఎలా పడాలో చెప్పారని చెప్పండి."

ఇంకో రవ్వ. జోగిరాజు బోల్టు మీద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా దింపాడు. అది కాస్త పట్టుకుంది, తర్వాత లొంగింది. చప్పుడు లేదు.

"కొత్తకోడలు," అన్నాడు జోగిరాజు.

"తలుపేసింది," అన్నాడు వరహాలరాజు.

ఇద్దరూ నాతోనే అన్నారు. నేను మాత్రం అది నాతో అన్నదిగా లెక్కవేసుకోలేదు. వరహాలరాజు నా నట్టు బిగించాడు.

ఆ పందెంలో జోగిరాజు రెండోవాడిగా వచ్చాడు. ఎండ కంట్లో పడిందన్నాడు. గురి పందేల్లో ఓడినవాళ్ళందరి కంట్లోనూ ఎండ పడుతుంది. గెలిచినవాడికి మాత్రం సూర్యుడు మర్యాదగా పక్కకి తప్పుకుంటాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు అలాగే జరిగింది. పందేల ముందు జోగిరాజు ఖాళీలు తెచ్చేవాడు. కొలత నాలో స్థిరంగా ఉంది గనక రైఫిల్ రానక్కర్లేదు. ఆయన కూడా రానక్కర్లేదు, గోడమీంచి సంచీ ఇస్తే చాలు. అయినా వచ్చి కూర్చునేవాడు. నాతో రాజకీయాలు మాట్లాడేవాడు. వరహాలరాజు నాకు బియ్యం ధర చెప్పేవాడు. నాకు బియ్యంతో ఏం పని? కానీ శ్రద్ధగా వినేదాన్ని. నేను వినడం మానేస్తే వాళ్ళు మాట్లాడుకోవడం మానేస్తారు.

జోగిరాజు భార్య పోయింది. ఉద్యోగం అయిపోయింది. రాయ్‌పూర్‌లో ఉన్న కూతురు తన దగ్గరికి వచ్చెయ్యమంది. ఆయన వాటా అద్దెకిచ్చి బయల్దేరాడు. రైఫిల్ కూడా వెంట వెళుతోంది. ఆ పొద్దున్న వరహాలరాజు నన్ను ప్రెస్సులోంచి విప్పాడు. ఒళ్ళంతా ఆముదం రాసి, కొత్త పేపర్లో చుట్టి, భార్య చేతికిచ్చాడు.

"ఇది ఆయనకి ఇచ్చెయ్యి. రైఫిల్ అక్కడా ఇది ఇక్కడా ఎందుకు? ప్రెస్సు ఎక్కడైనా దొరుకుతుంది."

మంచి మనసుతోనే అన్నాడు. మంచి మనసుతో చేసే పనులంటేనే నాకు ఎక్కువ భయం. నేను వెళ్ళిపోతే రైఫిల్‌కి లోటుండదు, తూటాలకి లోటుండదు. జోగిరాజు ఈ ఊరు రావడానికి మాత్రం ఏ కారణమూ మిగలదు. పేపర్లో ఎవరో కుర్రాడు పరీక్ష రాయడానికి బయల్దేరాడని సగం వార్త ఉంది. నాకు చదవబుద్ధి కాలేదు.

సుభద్రయ్యమ్మ నన్ను వీధిలో జట్కా దగ్గరికి తీసుకెళ్ళింది. జోగిరాజు పొట్లం విప్పి చూశాడు. అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడివైపు చూసీ చూడనట్టు చూసి, మళ్ళీ పొట్లం కట్టాడు.

"డై గారూ, పెద్దమనుషులు పంచారండి. రైఫిల్ నాదీ, తమరు వాళ్ళవారూ. పంపకాలు ఇప్పుడు మార్చడానికి నేనెవర్ని? పోలీసుల్లో పడతాం" అన్నాడు. "తమరు ఇక్కడే ఉండండి. ఖాళీలైనప్పుడు నేనే వస్తాను."

"రాయ్‌పూర్‌నించా బావగారూ? ఖాళీల కోసం?" అంది సుభద్రయ్యమ్మ.

"మరి నా రైఫిల్ కొలత ఇంకెవరి దగ్గర ఉందమ్మా?"

జట్కా కదిలింది. నేను తిరిగి లోపలికి వచ్చాను. వరహాలరాజు నన్ను ప్రెస్సులో బిగిస్తూ చాలాసేపు తుడిచాడు. నామీద తుడవడానికి ఏమీ లేదు. ఆయన కళ్ళ మీద ఉంది.

చెప్పినట్టే వచ్చేవాడు జోగిరాజు. శీతాకాలంలో రైలెక్కి, ఖాళీల సంచీతో దిగేవాడు. వారం, పది రోజులు ఉండేవాడు. తన వాటాలో అద్దెకున్నవాళ్ళున్నారు గనక ఈ వాటాలోనే ఉండేవాడు. ఇద్దరూ పొద్దున్నే నా ముందు కూర్చుని, ఒకరికొకరు వినపడేలా నాతో మాట్లాడుకునేవారు. అదిమిన ఖాళీల్లో మందు కూరడం రాయ్‌పూర్ వెళ్ళాక జోగిరాజే చూసుకునేవాడు.

కానీ ఇత్తడికీ ఆయుష్షు ఉంటుంది. పేలి, నలిగి, పేలి, నలిగి, మొదట్లో చిన్న గాడి పడుతుంది. వరహాలరాజు వంచిన తీగతో ప్రతి ఖాళీ లోపలా తడిమి చూసేవాడు. గాడి తగిలితే దాన్ని పట్టకారుతో నొక్కి చెత్తలో వేసేవాడు. సంచీ ప్రతి ఏడూ చిక్కిపోయేది. మొదట బరువుకి భుజం వంగేది, తర్వాత చేతిలో ఊగేది, తర్వాత జేబులో పట్టేది. జోగిరాజు కూడా చిక్కాడు. ఒక కంట్లో శుక్లం, రెండో కంట్లో అది పడబోతోందన్న భయం. పందేల మాట ఎత్తడం మానేశాడు. కొత్త ఖాళీలు కొనుక్కోవచ్చు గదా అని సుభద్రయ్యమ్మ ఒకసారి అంది. ఇద్దరు మగాళ్ళూ ఆమెను, పూజలో చెప్పులు తెచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

నిరుడు ఒక్కటే మిగిలింది. దాన్ని అదిమి ఇచ్చాం. దాన్ని జేబులో వేసుకుని రైలెక్కాడు.

ఇవాళ పొద్దున్న మళ్ళీ వచ్చాడు. కర్ర పట్టుకుని రిక్షా దిగాడు. స్నానం చేసి, కాఫీ తాగి, జేబులోంచి రుమాలు తీసి, రుమాల్లోంచి ఆ ఖాళీని తీసి బల్లమీద నిలబెట్టాడు.

"డై గారూ, ఇదొక్కటేనండి. ఉబ్బిపోయింది. తమరు కొంచెం చూడాలి."

వరహాలరాజు దానికి ఆముదం రాసి, పట్టీలో పెట్టి, హ్యాండిలు మీద చెయ్యి వేశాడు. నేను సిద్ధంగా బిగుసుకున్నాను. పేలిన ఖాళీ ఎలా వస్తుందో నాకు తెలుసు. భుజాలతో నా గోడల్ని రాసుకుంటూ, మూలుగుతూ, మొండికేస్తూ వస్తుంది. హ్యాండిలు పట్టిన చేతికీ ఆ మొండితనం తెలుస్తుంది.

ఇది అలా రాలేదు. సొంత ఇంట్లోకి వచ్చినట్టు, ఎక్కడా తగలకుండా, జారుతూ వచ్చేసింది. అడుగున నా సూదికి పొడవడానికి టోపీయే తగల్లేదు. నిరుడు నేను పొడిచి ఖాళీ చేసిన బెజ్జం అలాగే ఉంది. దీన్ని ఎవరూ నింపలేదు, ఎవరూ పేల్చలేదు. ఏడాదంతా ఒక ముసలాయన జేబులో తిరిగి, మళ్ళీ నా దగ్గరికి వచ్చింది.

హ్యాండిలు మీద చెయ్యి ఆగిపోయింది. వరహాలరాజుకి తెలిసిపోయింది. ఆయన చెయ్యి ఇన్నేళ్ళు నాతో పనిచేసిన చెయ్యి. ఆయన మెల్లగా తలెత్తాడు. జోగిరాజు పడక్కుర్చీలో వెనక్కి వాలి, మసకబారిన కళ్ళతో ఎటో పైకప్పు దూలం వైపు చూస్తున్నాడు. కర్ర పట్టుకున్న వేళ్ళు మాత్రం దాని పిడిని గట్టిగా అదుముతున్నాయి.

వరహాలరాజు రెండో చెయ్యి కూడా హ్యాండిలు మీద వేశాడు. పంచె బిగించాడు. పళ్ళు కరిచాడు. ఆ వదులు హ్యాండిలు మీద బండ లాగుతున్నట్టు ఒరిగి, "అబ్బ, హబ్బబ్బ" అని మూలిగాడు. నుదుటిమీద లేని చెమట తుడుచుకున్నాడు.

సుభద్రయ్యమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏవండీ, ఏటది? నడుం పట్టేస్తుంది!"

"డై గారూ," అన్నాడు వరహాలరాజు రొప్పుతూ, "చాలా మొండిగా ఉందండి ఈ ఖాళీ. ఇవాళ తేలేది కాదని ఆయనకి చెప్పండి. రోజూ కొంచెం కొంచెం దింపాలి. పది రోజులు పడుతుందో, నెలే పడుతుందో."

పడక్కుర్చీలో వేళ్ళు కర్రని వదిలాయి.

"నాకేం తొందర లేదని చెప్పండి డై గారూ," అన్నాడు జోగిరాజు. "ఇంకా పట్టినా పరవాలేదనండి."

ఇన్నేళ్ళలో వాళ్ళు నాకు అప్పజెప్పిన మాటల్లో ఒక్కటీ నేను చెప్పలేదు, నాకు నోరేది? ఈసారి మాత్రం నాకు చేతనైంది ఒకటుంది. వదులుగా ఉన్న ఆ ఖాళీని, ఎక్కడికీ జారిపోకుండా, ఉక్కుకి ఎంత సాధ్యమో అంత గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.